డొక్కుకి గొంతిచ్చిన తలుపు

చప్పుళ్ళ మాస్టారి చేతిలో గరిటె కనిపిస్తే ఇంట్లోవాళ్ళు వెంటనే లాగేసుకుంటారు. వంటలో సాయం చెయ్యబోతున్నారని ఎవరూ భ్రమపడరు. ఆ గరిటె మళ్ళీ వంటింటి మొహం చూసేసరికి దాని మెడ వంకరపోయి ఉంటుందనీ, మధ్యలో అది ఏ రోబో మోకాలిగానో పనిచేసి వచ్చి ఉంటుందనీ వాళ్ళకి అనుభవమే.

ఆయన పని అలాంటిది. బొమ్మల సీరియల్లో బొమ్మ నడిస్తే అడుగు వినపడదు, పడితే దెబ్బ వినపడదు. గీసేవాళ్ళు గీసి ఊరుకుంటారు. చప్పుడన్నది ఇంకెవరో పనిగట్టుకుని పుట్టించి అతికించాలి. ముల్లంగి విరిస్తే ఎముక విరిగినట్టుంటుంది. పళ్ళెంలో గింజలు జల్లితే వాన. తడిగుడ్డ గోడకేసి కొడితే ఎవడో చెంపదెబ్బ తిన్నట్టు. స్టూడియోలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని చప్పుళ్ళ మాస్టారనే పిలుస్తారు. అసలు పేరు భార్యకి గుర్తుండాలి, ఆవిడ కూడా "ఏమండీ" అనే అంటుంది కాబట్టి గట్టిగా చెప్పలేం.

ఆ ఇంట్లో ఉండేది మాస్టారు, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే ఆయన భార్య, బడికెళ్ళే కూతురు, మామగారు పోయాక వీళ్ళ దగ్గరికి వచ్చేసిన అత్తగారు. వీళ్ళలో అత్తగారికీ అల్లుడికీ మాటల్లేవు. మాటల్లేవంటే పోట్లాడుకుంటారని కాదు. పోట్లాడుకోవాలన్నా మాటలుండాలి కదా. ఆవిడ చెప్పాల్సింది ఏదున్నా, అల్లుడు ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, కూతురికే చెబుతుంది. "ఏమే, మీ ఆయన మళ్ళీ కుళాయి సరిగ్గా కట్టలేదు." కూతురు ఇంట్లో లేకపోతే మనవరాలికి. అదీ లేకపోతే నేరుగా కుళాయికే. "కారు తల్లీ, కారు. నిన్ను పట్టించుకునే నాథుడెవడున్నాడీ ఇంట్లో."

దీనికంతటికీ మూలం ఒక క్యారియరు.

మాస్టారు పనిచేసే సీరియల్ పేరు "తుక్కుకొట్టు". పాతసామాన్ల కొట్టులో అమ్ముడుపోకుండా మిగిలిపోయిన రోబోల కథ. అందులో టికెట్లు చింపే రోబో ఒకటుంది. ఉద్యోగం పోయినా అలవాటు పోక, గోడ మీద పాకే బల్లిని కూడా ఆపి టికెట్ అడుగుతుంది. తుడుపు అని నేల తుడిచే రోబో ఇంకొకటి. అది తుడిచేది గుప్పెడు, చెప్పుకునేది గంపెడు. వీటన్నిటికీ పెద్ద డొక్కు. ఒకప్పుడు గోదాముల్లో బరువులెత్తి, ఇప్పుడు తనే ఒక బరువై మూల పడి ఉన్న రోబో. దానికి నోరు లేదు, మొహం లేదు. పొడుగాటి ఇనుప చెయ్యి ఒకటే ఉంది. ఆ చెయ్యి కదిలినప్పుడు వచ్చే కిర్రే దాని మాట.

మొట్టమొదటి భాగంలో ఈ డొక్కు తుక్కుగుట్ట మీంచి కిందికి దొర్లాలి. మాస్టారు బకెట్లు దొర్లించారు, నూనె డబ్బాలు దొర్లించారు, ఒక పాత సైకిల్ని కూడా తోశారు. ఏదీ మనసుకి పట్టలేదు. చివరికి ఇంట్లో అటక మీద స్టీలు క్యారియరు కంటపడింది. ఒకదాని మీద ఒకటి గిన్నెలు, వాటిని కలిపి పట్టుకునే పట్టీ. మామగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ మధ్యాహ్నం భోజనం అందులోనే తీసుకెళ్ళేవారు. దాన్ని పట్టుకెళ్ళి స్టూడియో మెట్ల మీంచి వదిలారు. గిన్నెలు తలోదిక్కుకీ పోయాయి. అన్నీ ఆగాక పట్టీ ఒక్కటే తీరిగ్గా దిగివచ్చి ఠంగుమంది. మాస్టారి ఒళ్ళు పులకరించింది. ఇంకా బాగా వస్తుందేమోనని సాయంత్రం దాకా దొర్లిస్తూనే ఉన్నారు.

అత్తగారు అటకంతా వెతికి అడిగితే ఆయన దాచలేదు. "మామయ్యగారి క్యారియరు దొర్లితే ఆ అందమే వేరండీ" అన్నారు, మెచ్చుకుంటున్నాననే అనుకుని. మర్నాడు దానికంటే పెద్దది, తళతళలాడేది, కొత్తది తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. "అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని ఊరికే అన్నారా" అని గోడకి చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారికి కూడా రోషం వచ్చింది. సొట్టపోయిన గిన్నెకి బదులు కొత్త గిన్నె ఇచ్చాక ఇంకేం మిగిలిందన్నది ఆయన వాదన. అప్పటినుంచీ ఆవిడ నోరు మూసుకుంది, వంటింటి తలుపు నోరు తెరిచింది.

హాలుకీ వంటింటికీ మధ్య ఉండే తలుపది. బందులు ఏ కాలానివో, తోస్తే కిర్రుమంటుంది. అల్లుడు హాల్లోకి రాగానే అత్తగారు లేచి వంటింట్లోకి వెళుతుంది. ఆయన బయటికి పోగానే తిరిగి వస్తుంది. నోటితో అనలేనివన్నీ ఆ తలుపు చేత అనిపించేది. 'వచ్చాడమ్మా మహానుభావుడు' అనే కిర్రు వేరు, 'ఇంకా పోలేదూ' అనే కిర్రు వేరు. భోజనం చేసి కంచం అక్కడే వదిలేస్తే వినపడే కిర్రు ఇంకా వేరు, అది సగంలో ఆగి మళ్ళీ మొదలయ్యేది.

ఒకసారి మాస్టారు గోడగడియారం టిక్కుటిక్కు కోసం హాల్లో రికార్డరు పెట్టి మర్చిపోయారు. స్టూడియోకి తెచ్చి వింటే గడియారం కంటే ముందు ఒక కిర్రు వచ్చింది. అందులో ఎంత విసుగుందంటే ఆయన ఉలిక్కిపడి, ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశారు. పక్కగదిలోంచి డైరెక్టరు పరిగెత్తుకొచ్చాడు. డొక్కు గొంతుకి మిమిక్రీ ఆర్టిస్టుని పెడదామా అని తల బద్దలుకొట్టుకుంటున్నవాడు.

"ఎవరండీ ఈ ఆర్టిస్టు?"

"తలుపండీ. మా ఇంట్లోది."

అబద్ధమేమీ ఆడలేదు. తలుపు తోసే చెయ్యి ఎవరిదో చెప్పలేదు, అంతే. భార్య ఒక్కదానికే సంగతి తెలుసు. ఆవిడ ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి అలిసిపోయి, ఈ ఒక్కటీ మొయ్యలేనని ఊరుకుంది.

అలా అత్తగారి అలక డొక్కు గొంతయింది. మామూలుగా బొమ్మ ముందు, చప్పుడు తర్వాత. డొక్కు దగ్గర మాత్రం వరస తిరగబడింది. ముందు మాస్టారు కిర్రు తేవాలి, అది విని, దాని ఎగుడుదిగుళ్ళని బట్టి బొమ్మలవాళ్ళు చెయ్యి గీస్తారు. ఇంట్లో అత్తగారు తలుపు విసురుగా తోస్తే, టీవీలో డొక్కు చెయ్యి విసురుగా లేచేది. జనం ఎగబడి చూశారు. పిల్లలు క్లాసులో మోచేతులు మడుస్తూ కిర్రుకిర్రుమంటున్నారని టీచర్లు తల పట్టుకున్నారు.

తమాషా ఏమిటంటే, అత్తగారు కూడా ఆ సీరియల్ వదలకుండా చూసేది. అల్లుడు కంటపడకుండా కుర్చీ ఓ పక్కకి తిప్పుకుని మరీ చూసేది. "అన్నిట్లోకీ ఆ డొక్కుకే కాస్త అభిమానం ఉందే" అని మనవరాలికి చెప్పేది. "మిగతావన్నీ వాగుడుకాయలు. పాపం, దాని బాధ ఒక్కడికీ పట్టదు." వెనక సోఫాలో అల్లుడు తేలు కుట్టిన దొంగలా కూర్చునేవారు.

గొడవంతా మొదటి విడత ఆఖరి భాగం దగ్గర వచ్చింది. డొక్కుకి ఒకప్పుడు జోడీగా ఒక తోపుడుబండి రోబో ఉండేది. అది పోయాక దాని చక్రం ఒకటి డొక్కు దగ్గర మిగిలింది. తుడుపు ఆ చక్రాన్ని అడక్కుండా పట్టుకుపోయి, పందేలాడి, వంకర చేసి పెట్టింది. ఆ అలకతోనే కథంతా నడిచింది. రాసినవాడికి మాస్టారింటి సంగతి తెలియనే తెలియదు. అలకలన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబోలు. ఆఖర్న తుడుపు తలొంచుకుని ఆ వంకర చక్రాన్ని తెచ్చి డొక్కు ముందు పెడుతుంది. డొక్కు చెయ్యెత్తి దాని నెత్తిన పెడుతుంది. డైలాగు లేదు. ఒక్క కిర్రు.

"ఆ కిర్రులో మన్నించేసినట్టు వినపడాలి మాస్టారూ" అన్నాడు డైరెక్టరు. "వినపడకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు. డొక్కు మాట్లాడితే బాగుంటుందని పైవాళ్ళు ఎప్పటినుంచో చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. ఈ సీను పండలేదంటే మిమిక్రీ ఆయన్ని పిలిచి డైలాగు పెట్టేస్తారు. ఒకసారి నోరొచ్చాక దాన్ని ఇంక మూయించలేం. ఈ వారంలో తెచ్చెయ్యండి."

మాస్టారికి ఆకలి చచ్చిపోయింది. ఇన్నేళ్ళలో ఆయన ఎన్ని తలుపులు మూశారో, ఎంతమంది దొంగల అడుగులు వేశారో లెక్కలేదు. ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు. ఇది నాది అని చెప్పుకోదగ్గది డొక్కు ఒక్కటే. దానికి ఎవడో వచ్చి "తమ్ముడూ, నిన్ను క్షమించేశానురా" అని గొంతు వణికిస్తాడన్న ఊహకే ఆయనకి తల కొట్టేసినట్టయింది.

దాచిన కిర్రులన్నీ తీసి విన్నారు. కోపం ఉంది, విసుగుంది, వెటకారమైతే రకరకాలుగా ఉంది. మన్నింపు మచ్చుకైనా లేదు. ఎలా ఉంటుంది, ఆవిడ మన్నిస్తే కదా. ఒక పాత విసుగునే తీసుకుని, సాగదీసి, కాస్త మెత్తన చేసి వినిపించారు. డైరెక్టరు కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"ఇది మన్నించడం కాదండీ" అన్నాడు. "అజీర్తి."

ఇంటికొచ్చి తనే తలుపు తోశారు. మెల్లగా, ప్రేమగా, మనసులో ఎవర్నో ఒకర్ని క్షమిస్తూ తోశారు. తలుపు తలుపులాగే కిర్రుమంది. భార్య చేత తోయించారు. ఆ కిర్రులో క్లినిక్కి టైమైపోతోందని తప్ప ఇంకేమీ లేదు. కూతుర్ని తొయ్యమంటే అది తలుపు పట్టుకుని ఊగింది.

ఇలా కాదని మాస్టారు వేరే దారి పట్టారు. అత్తగారి మనసు మెత్తబడితే తలుపూ మెత్తబడుతుంది కదా. ముందు కుళాయి బాగుచేశారు. "ఈవేళ కూర అమృతంలా ఉందని మీ అమ్మతో చెప్పు" అని హాలంతా వినపడేట్టు భార్యతో అన్నారు. కూర వండింది భార్య. ఆవిడ చెప్పలేదు. అత్తగారి మోకాళ్ళకి హాయిగా ఉంటుందని మెత్తటి రబ్బరు చెప్పులు తెచ్చి ఆవిడ గది ముందు పెట్టారు. ఆవిడ వాటిని దాటుకుని పాత చెప్పులతోనే టపటపా నడిచివచ్చింది.

"ఏమే, మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?" అని కూతుర్ని అడిగి, తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. ఆ కిర్రులో పుట్టెడు అనుమానం ఉంది. మాస్టారు దాన్నీ రికార్డు చేసుకున్నారు, ఎప్పటికైనా పనికొస్తుందని.

ఇక చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో మైకుతో ఆ తలుపు చుట్టూ కాలుకాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టారు. ఆవిడ తోసినప్పుడల్లా బందు దగ్గర చెవి పెట్టడం, తల అడ్డంగా ఊపడం, నిట్టూర్చడం. అన్నం కూడా అక్కడే నిలబడి తినేవారు. అత్తగారు ఇదంతా ఓరకంట చూస్తూనే ఉంది.

"అన్నీ చేశారు, చెయ్యాల్సింది తప్ప" అంది భార్య ఒకరోజు బట్టలు మడతపెడుతూ.

"కొత్త క్యారియరు కొనిచ్చానుగా?"

"కొనిచ్చారు. తప్పయిందని అన్నారా?"

మాస్టారు ఆలోచించారు. అనలేదు. మొదట్లో అనాలని తోచలేదు, తర్వాత రోషం అడ్డొచ్చింది, ఆ తర్వాత ఆలస్యమైపోయింది.

"ఇప్పుడంటే తలుపు కోసం అన్నట్టుంటుంది" అన్నారు.

"తలుపు కోసమేగా మీరనేది?"

మాస్టారు చేతికి దొరికిన చొక్కా ఒకటి తీసి మడతపెట్టబోయారు. భార్య దాన్ని లాక్కుంది, ఏ చప్పుడు కోసమో అనుకుని.

గడువు ఇంకొక్క రోజు ఉందనగా, మాస్టారు పెందలాడే ఇంటికొచ్చి, తలుపు పక్కన స్టూలు కింద మైకు అమర్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని సోఫాలో కూర్చున్నారు. ఇవాళ ఏది వస్తే అదే తీసుకెళ్ళడం, ఆపైన డొక్కు రాత. అత్తగారు యథాప్రకారం లేచింది. తలుపు తోసింది. లోపలికి వెళ్ళింది.

చెవుల్లో ఏమీ పడలేదు.

మైకు పోయిందనుకున్నారు. వైరు చూశారు. చిటికె వేస్తే చిటికె చక్కగా వినపడింది. ఇంతలో ఆవిడ ఇటు వచ్చి, మళ్ళీ అటు వెళ్ళింది. తలుపు వెన్నలో తిరిగినట్టు తిరిగింది. మాస్టారు ఒక్క అంగలో వెళ్ళి బందు తడిమారు. వేలికి జిడ్డంటుకుంది.

"ఎవరు? ఎవరు చేశారిది?"

కూతురు సంబరంగా పరిగెత్తుకొచ్చింది. "అమ్మమ్మ! కుట్టుమిషన్ నూనె! స్టూలెక్కి పై బందుకి కూడా వేసింది. నేనే స్టూలు పట్టుకున్నా!"

"ఎందుకూ?"

"నీకోసమే నాన్నా. 'పాపం, మీ నాన్న ఆ తలుపు దగ్గర చెవి పెట్టి రోజూ ఏడుపుమొహం వేసుకుంటున్నాడు. ఈ కిర్రుగోల వల్ల ఆయన రికార్డింగు చెడిపోతోంది కాబోలు' అంది."

"పాపం అందా?"

"అంది."

గుమ్మం దాటడానికే గోడ పట్టుకునే మనిషి. ఆ మోకాళ్ళతో స్టూలెక్కింది. మాస్టారికి అరవాలని ఉంది. మింగలేక కక్కలేక నిలబడ్డారు. వంటింటి గుమ్మంలో అత్తగారు మసిగుడ్డకి వేళ్ళు తుడుచుకుంటూ ఆయన వంకే చూస్తోంది. ఎన్నాళ్ళకో ఒక మంచిపని చేసి, చేశానని నోటితో చెప్పుకోలేక, ఎదుటివాడు గమనించాడో లేదో అని చూసే చూపు అది. ఆయనకి సిగ్గేసింది. ఒళ్ళంతా ముడుచుకుపోయేంత సిగ్గు. డొక్కు సంగతి ఆ క్షణంలో గుర్తే రాలేదు.

హెడ్‌ఫోన్లు సోఫా మీద పడేసి బయటికి నడిచారు. "చూశావుటే, మంచికి పోతే చెడు ఎదురవుతుంది" అని ఆవిడ మనవరాలితో అనడం వెనకనుంచి వినపడింది.

స్టూడియో రెండు వీధుల అవతలే. బల్ల కింద గోనెసంచిలో క్యారియరు ఉంది. డొక్కు ఎక్కడ పడినా, ఎప్పుడు పడినా దాన్నే బయటికి తీసేవారు. సంచితో సహా పట్టుకుని ఇంటికొచ్చి, అందులోంచి గిన్నెలూ పట్టీ తీసి భోజనాల బల్ల మీద, అత్తగారి ముందు పెట్టారు. భార్య అప్పుడే క్లినిక్ నుంచి వచ్చి మంచినీళ్ళు తాగుతోంది.

"అత్తయ్యగారూ" అన్నారు మాస్టారు.

ఇన్నాళ్ళకి ఆ పిలుపు వినేసరికి భార్య చేతిలో గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"తప్పు నాది. మిమ్మల్ని అడక్కుండా తీసుకెళ్ళాను. పైగా కొత్తది కొనిచ్చి చెల్లిపోయిందనుకున్నాను. ఇదేదో తలుపు కోసం అంటున్న మాట కాదు. తలుపు ఎలాగూ పోయింది."

ఆవిడ గిన్నెలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని సొట్టలు తడిమింది. ఒకదాని మీద ఒకటి పేర్చింది. పట్టీ పెట్టబోతే పట్టలేదు. మళ్ళీ నొక్కింది, పట్టలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని పట్టించుకోకుండా గిన్నెలోకే చూస్తూ అడిగింది.

"తలుపేమైంది?"

అడిగింది అల్లుణ్ణి. కూతురినీ కాదు, మనవరాల్నీ కాదు, గోడనీ కాదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, గడియారం దగ్గర్నుంచి అజీర్తి దాకా ఉన్నదున్నట్టు చెప్పేశారు. అంతా అయ్యాక ఆవిడ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే ఆ డొక్కు..."

"మీరేనండీ."

"నేను అంతలా అలుగుతానా?"

పెద్దవాళ్ళిద్దరూ నేల చూపులు చూశారు. "అలుగుతావు అమ్మమ్మా" అంది మనవరాలు, న్యాయంగా.

"ఊరంతా చూస్తున్నారా?"

"చూస్తున్నారు. డొక్కంటే వాళ్ళకి ప్రాణం."

"ఇదీ నన్ను అడక్కుండానే పట్టుకుపోయావన్నమాట."

మాస్టారికి ఈ ముక్క ఇంతవరకూ తట్టలేదు. క్యారియరు ఒకటే అనుకున్నారు. చేసిన తప్పునే ఇంకోసారి, ఈసారి రోజూ, చేస్తూ వచ్చానని ఇప్పుడు తెలిసింది. "అదీ తప్పేనండీ" అన్నారు నెమ్మదిగా.

ఆవిడ లేచింది. క్యారియరు గిన్నెలు గుండెకి ఆనించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. నూనె తాగిన తలుపు కిర్రుమనలేదు. హాల్లో ఉన్న ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెళ్ళింది కోపంగానా, మామూలుగానా? ఆవిడ మనసులో ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం అదే మొదటిసారి. మాస్టారికి ఇక గత్యంతరం లేకపోయింది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, అడిగారు.

"కోపమొచ్చిందా అత్తయ్యగారూ?"

"ఉండవయ్యా" అంది లోపల్నుంచి. "ఆలోచించుకోనీ."

ఆలోచన అన్నం ఉడికేదాకా సాగింది. తర్వాత తలుపు తెరుచుకుంది. "ఏమే, మీ ఆయన్ని..." అని మొదలుపెట్టి ఆవిడ ఆగిపోయింది. గొంతు సవరించుకుంది. "భోజనానికి రా" అంది.

భోజనం మధ్యలో మాస్టారు అడిగారు, ఇందాక తలుపు దగ్గర రికార్డయిన టేకు వాడుకోవచ్చా అని.

"అందులో ఏముంది వాడుకోడానికి?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేనిదానికి అడగడం దేనికి? వాడుకో."

మర్నాడు స్టూడియోలో డైరెక్టరుకి వినిపించే ముందు మాస్టారు ఒకసారి తను విన్నారు. తలుపు కిర్రు లేదు. అడుగులున్నాయి, మెత్తటి అడుగులు. టపటప లేదు. నూనె వేసిన రోజునే ఆవిడ కొత్త చెప్పులు కూడా తొడుక్కుంది. చెవుల మీద బతికే మనిషికి ఇంట్లో ఉండగా అది వినపడనేలేదు. ఆయన హెడ్‌ఫోన్లు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

డైరెక్టరు విన్నాడు. వాల్యూం పెంచి విన్నాడు.

"కిర్రేదీ?"

"లేదండీ."

"లేదంటే?"

"ఇన్నాళ్ళూ ఆ చెయ్యి కిర్రుమనకుండా లేచిందా? ఈసారి లేస్తుంది. ఇంకా అలిగి ఉంటే కిర్రుమనేది కదా."

డైరెక్టరు ఏదో అనబోయి, గోడకి అంటించిన గీతల బొమ్మ వంక చూశాడు. తుడుపు తలొంచుకుని నిలబడి ఉంది, నెత్తిన పడబోయే కిర్రుకి సిద్ధమై. టేకు మళ్ళీ మొదటినుంచీ పెట్టుకున్నాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. పూర్తయ్యాక బొమ్మలవాళ్ళని లోపలికి పిలిచాడు. మిమిక్రీ ఆయన్ని రావద్దని చెప్పమన్నాడు.

ఆఖరి భాగం వచ్చిన రోజు నలుగురూ హాల్లో కూర్చున్నారు. అత్తగారి కుర్చీ ఏ పక్కకీ తిప్పి లేదు. షెల్ఫులో, అందరికీ కనపడేచోట, పట్టీ పట్టని పాత క్యారియరు ఉంది. తుడుపు వంకర చక్రాన్ని దొర్లించుకుంటూ వచ్చింది. డొక్కు చెయ్యి లేచింది. చడీచప్పుడూ లేకుండా గాలిలో అలా సాగి, వెళ్ళి తుడుపు నెత్తిమీద ఆగింది.

"నాన్నా, సౌండు రాలేదు!" అని అరిచింది కూతురు.

"వచ్చిందిలే" అంది అమ్మమ్మ. "నువ్వు చూడు."

పేర్లన్నీ పైకి పోయి టీవీలో ప్రకటనలు మొదలయ్యాయి. అప్పుడు ఆవిడ అల్లుడి వైపు తిరిగింది.

"మరి వచ్చే విడతలో డొక్కుకి గొంతెలా? తలుపు నోరు నేనే మూయించేశానాయె."

మాస్టారు కూడా కొన్నాళ్ళుగా అదే దిగులులో ఉన్నారు. "తెలియదు అత్తయ్యగారూ" అన్నారు.

"నూనెచుక్క ఎన్నాళ్ళుంటుందయ్యా" అంది అత్తగారు, కుర్చీలోంచి లేస్తూ. "అది ఆరేలోపు నువ్వు ఏదో ఒకటి చెయ్యకపోవు, నేను అలగకపోను. ఈసారి మాత్రం అడిగి రికార్డు చెయ్యి."